బట్ట వయసు వేరు, కోటు వయసు వేరు

ప్రశ్న: మాది కరీంనగర్. ఒహాయోలోని కొలంబస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈమధ్య ఇక్కడి పాత బట్టల దుకాణంలో ఒక అతుకుల కోటు కొన్నాను, 85 డాలర్లు. లేత రంగుల చిన్న పూలగుడ్డలు షట్కోణాలుగా కత్తిరించి కలిపి కుట్టి ఉన్నాయి. లేబుల్ లేదు. 1930ల నాటిదని దుకాణం ఆవిడ చెప్పింది. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, "ఎవరో కట్టి విడిచిన బొంత తొడుక్కున్నవేంది బిడ్డా, మనకేం తక్కువైంది" అని బాధపడింది. ఆఫీసులో ఒకామె ఇంకోలా అంది. పాత క్విల్ట్‌ను, అంటే ముక్కలు కలిపి కుట్టిన దూది బొంతను, కోసి కోటు చేయడమే తప్పట, నాలాంటివాళ్లు కొనబట్టే మంచి క్విల్ట్‌లు కత్తెర పాలవుతున్నాయట. కోటు మీద ఇష్టం పోలేదు గానీ వేసుకున్నప్పుడల్లా మనసులో ఏదో గుచ్చుకుంటోంది. ఇది నిజంగా పాతదేనా? ఈ ఫ్యాషన్ ఇంకా ఉందా? ఎలా ఉతకాలి? మాఘమాసంలో మా పిన్ని కూతురి పెళ్లికి ఊరొస్తున్నాను, అప్పుడు వేసుకోవచ్చా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు వాటిలోనే దొరికింది. కుడి చంక దగ్గర తీసిన ఫోటో మీరూ ఒకసారి చూడండి. మధ్యలో పసుపు ముక్క, దాని చుట్టూ ఆరు పూలముక్కలు, ఆ ఆరింటి చుట్టూ మరో పన్నెండు. పువ్వు అలా విచ్చుకుంటూ పోయి, చంక కుట్టు దగ్గరికి వచ్చేసరికి సగానికి తెగిపోయింది. పువ్వుతోపాటు, దూది కదలకుండా ముక్కల లోపల వేసిన సన్నటి చేతికుట్లు కూడా అక్కడికక్కడే తెగాయి. చేతి భాగంలో అవి వేరే వరసలో మళ్లీ మొదలవుతున్నాయి. కోటు కోసమే ముక్కలు కూర్చి ఉంటే ముందు భాగం, వెనక భాగం, చేతులు విడివిడిగా కూర్చుకుని, ఆ ఆకారాలకు తగ్గట్టు కుట్లు వేసుకునేవాళ్లు. మీ కోటులో క్విల్ట్ ముందు పుట్టింది, కత్తెర తర్వాత వచ్చింది.

కాబట్టి దీనికి రెండు వయసులు. దుకాణం ఆవిడ చెప్పిన 1930లు బట్టకు నప్పుతాయి. కోటుకు నప్పవు. లోపల అతుకుల అంచులన్నిటికీ క్రాస్ పట్టీ వేశారు. ఆ పట్టీ కుట్టిన దారం ఫోటోలో కూడా తళతళలాడుతోంది, అది పాలిస్టర్ దారం. పాలిస్టర్ పుట్టిందే 1940లలో. గుండీలు కూడా ఈ కాలానివే. నా అంచనాలో ఈ కోటు కుట్టి పదేళ్లు కూడా అయ్యుండదు. ఇరవయ్యేళ్లు దాటినదాన్ని వింటేజ్ అనీ వందేళ్లు దాటితే యాంటిక్ అనీ అనడం ఈ వ్యాపారంలో వాడుక. మీరు కొన్నది పాత బట్టతో కుట్టిన కొత్త కోటు. ఆ మాట ఆవిడ ముందే చెప్పి ఉండాల్సింది. అయినా 85 డాలర్లకు మీరు నష్టపోలేదు. ఇదే పని పేరున్న డిజైనర్ల దగ్గరైతే వెయ్యి డాలర్లు దాటుతుంది.

ఇక బట్ట సంగతి. ఈ షట్కోణాల పూల పద్ధతిని అక్కడ గ్రాండ్‌మదర్స్ ఫ్లవర్ గార్డెన్ అంటారు. 1920లలో, 30లలో అమెరికా అంతటా దీన్ని కుట్టారు. 30లు మహామాంద్యం రోజులు, చేతిలో డబ్బు లేదు. పిండి, పంచదార, కోళ్ల దాణా అప్పట్లో నూలుగుడ్డ సంచుల్లో వచ్చేవి. ఆడవాళ్లు ఆ సంచులు విప్పి గౌన్లు కుట్టుకుంటున్నారని తెలిసి, మిల్లుల వాళ్లు సంచుల మీదే రంగురంగుల పూలు అచ్చువేయించడం మొదలుపెట్టారు. పువ్వు నచ్చిన సంచి కోసం దాణా కొన్న ఇళ్లున్నాయి. సంచి గౌనయ్యేది, గౌను చిరిగాక మిగిలిన మంచి ముక్క క్విల్ట్‌లోకి వెళ్లేది. మీ కోటులోనూ సంచిగుడ్డ ఉందేమో చూసుకోవచ్చు. సంచి మూతినీ పక్కల్నీ లావు దారంతో గొలుసుకుట్టు వేసి బిగించేవాళ్లు. ఆ దారం లాగేశాక సూది రంధ్రాలు వరసగా, సమానమైన ఎడంతో మిగిలిపోతాయి, ఎన్ని ఉతుకులకూ పూర్తిగా పూడవు. వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. ఏదో ఒక ముక్కలో అలాంటి చుక్కల గీత కనిపిస్తే అది సంచిగుడ్డ అయ్యే అవకాశం బాగా ఉంది. నేత కూడా మిగతా ముక్కలకన్నా కాస్త ముతకగా తగులుతుంది.

ఇంకో పరీక్ష అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చిలైటుతో. 1950 తర్వాత వచ్చిన బట్టల్లో, దారాల్లో తెల్లదనం కోసం కలిపిన రసాయనాలు చీకట్లో ఆ కాంతికి నీలంగా మెరుస్తాయి. దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి, ఎందుకంటే ఈ కాలపు సబ్బుపొడుల్లోనూ అవే రసాయనాలు ఉంటాయి. పాత బట్టను ఒకసారి వాటితో ఉతికినా మొత్తం మెరుస్తుంది. ఎక్కడా మెరవకపోతే మాత్రం అది బట్ట పాతదనడానికి మంచి ఆధారం. కొందరు దూదిలో పత్తిగింజల తునకలు కనిపిస్తే చాలు, వందేళ్ల నాటిదని తేల్చేస్తారు. ఆ లెక్క తప్పు. గింజ తునకలున్న చవక దూది తర్వాత కూడా చాలాకాలం అమ్ముడైంది.

పాతదనిపించే కొత్త క్విల్ట్‌ల గురించి కూడా చెప్పాలి. 1990ల మొదట్లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం తన దగ్గరున్న పాత అమెరికన్ క్విల్ట్‌ల నమూనాలను చైనాలో కుట్టించి అమ్మడానికి ఒక కంపెనీకి లైసెన్సు ఇచ్చింది. మా ముత్తవ్వల పని తీసుకెళ్లి చవక కూలికి కుట్టిస్తారా అని అమెరికా క్విల్ట్ కుట్టేవాళ్లు గట్టిగా ఎదురుతిరిగారు. గొడవ ఎలా సద్దుమణిగినా, చేతితో కుట్టిన దిగుమతి క్విల్ట్‌లు ఆ దశకంలో పెద్ద దుకాణాల నిండా చేరాయి. చైనా నుంచీ వచ్చాయి, మన దేశం నుంచీ వెళ్లాయి. ముప్పయ్యేళ్లు వాడి ఉతికేసరికి ఇప్పుడవి ముత్తవ్వ కుట్టినవాటిలాగే మెత్తబడి వెలిసిపోయి కనిపిస్తాయి. మార్కెట్లో పాత క్విల్ట్ కోటు పేరుతో అమ్ముడయ్యేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. వాటిలో ఒకే అచ్చు బట్ట అన్ని పువ్వుల్లోనూ మళ్లీ మళ్లీ వస్తుంది, తానుల కొద్దీ బట్ట కొని కోశారు కాబట్టి. ఇంట్లో పోగైన ముక్కలతో కుట్టినదానిలో ఏ రెండు పువ్వులూ ఒకేలా ఉండవు. మీ కోటు వీపు మీద నాకు కనిపించిన పువ్వుల్లో ఒక్క అచ్చు కూడా రెండోసారి రాలేదు. అందుకే బట్ట విషయంలో ఆ దుకాణం ఆవిడ మాట నమ్ముతున్నాను.

ఫ్యాషన్ ఉందా పోయిందా అన్నారు. ఈ అతుకుల పని పక్క మీద నుంచి ఒంటి మీదికి రావడం కొత్తేమీ కాదు. 1960ల చివర హిప్పీ పిల్లలు సంతల్లో పాత క్విల్ట్‌లు కొని కోట్లు, స్కర్ట్‌లు కుట్టుకున్నారు. 1969లో పారిస్‌లో డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ అతుకుల బట్టతో పెళ్లికూతురి దుస్తులే చేశాడు. 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ పోగుచేసిన క్విల్ట్‌లను పెయింటింగుల్లాగా గోడలకు వేలాడదీసింది. పక్కమీద పరుచుకునే వస్తువు ఆ ప్రదర్శనతో కళాఖండమైంది. ధరలు లేచాయి. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండువందల ఏళ్ల పండుగ వచ్చేసరికి ఇంటింటా మళ్లీ సూది పట్టారు. 1980ల మొదట్లో డిజైనర్ రాల్ఫ్ లారెన్ పాత క్విల్ట్‌లతో స్కర్ట్‌లు, జాకెట్లు చేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లు చప్పబడింది. 2016లో న్యూయార్క్‌లో ఎమిలీ బోడ్ తన పేరుమీదే మొదలుపెట్టిన సంస్థ పాత క్విల్ట్‌లు, పాత దుప్పట్లు, లేసులతో మగవాళ్ల కోట్లు చేయడంతో మళ్లీ ఊపొచ్చింది. అమెరికా ఫ్యాషన్ డిజైనర్ల మండలి 2021లో, 2022లో ఉత్తమ పురుష దుస్తుల డిజైనర్‌గా ఆమెనే ఎంచుకుంది.

2021 సెప్టెంబరులో న్యూయార్క్‌లో జరిగిన మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు ర్యాపర్ ఏసాప్ రాకీ ఒక పెద్ద క్విల్ట్ కప్పుకుని వచ్చాడు. ఈఆర్‌ఎల్ అనే సంస్థ తయారుచేసినది. ఫోటోలు బయటికొచ్చాక ఒక యువతి అందులోని పాత క్విల్ట్‌ను గుర్తుపట్టింది. తన ముత్తవ్వ కుట్టిందట, ఇంట్లోవాళ్లు పాత సామాన్లతోపాటు దానమిచ్చేశారట. ఆ రాత్రి అందరి నోటా నలిగింది ర్యాపర్ పేరు, డిజైనర్ పేరు. మునిమనవరాలు చూసి ఉండకపోతే ముత్తవ్వ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు. ఫ్యాషన్‌లో అతుకుల కోటు స్థానం ఏమిటని ఎవరడిగినా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది. కోసినవాడి పేరు లేబుల్ మీద ఉంటుంది. కుట్టిన మనిషి పేరు ఉండదు.

మోజు సంగతికొస్తే, ఐదేళ్ల కిందటి హోరు ఇప్పుడు లేదు. అది మీకు మంచిదే. హోరు తగ్గాక మిగిలేది నిజంగా ఇష్టపడి వేసుకునేవాళ్లే. మీ కోటులాంటిది ఇంకోటి లేదు కాబట్టి పాతబడిపోయే భయమూ లేదు. లోపల ఏ పువ్వూ గీతా లేని ఒకే రంగు చొక్కా, ముదురు రంగు ప్యాంటు వేసుకోండి. కోటులో ఉన్న రంగులు చాలు. కొలంబస్ చలికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. లోపలున్నది నూలుదూది. తడిస్తే నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, వెచ్చదనం పోతుంది, ఆ బరువుకు పాత దారాలు తెగుతాయి. అక్టోబరులో, ఏప్రిల్‌లో పొడిగా ఉండే రోజులు దీనికి సరైనవి. మంచు పడే రోజుల్లో బీరువాలో ఉండనివ్వండి.

మీ ఆఫీసు స్నేహితురాలి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఆమె కోపంలో నిజముంది. ఇలాంటి క్విల్ట్‌లో వందల ముక్కలు, ఒక్కోసారి వేలు. ఒక్కో షట్కోణాన్నీ కాగితం అచ్చు మీద మడిచి, ఆరు పక్కలా చేత్తో కుట్టి కలపాలి. పొలం పని, పిల్లల పని అయ్యాక దీపం ముందు కూర్చుని చేసిన పని అది, ఏళ్లు పడుతుంది. గట్టిగా ఉన్న నిండు క్విల్ట్‌ను బల్ల మీద పరిచి కోటు కొలతకు కోసేస్తే మూడోవంతు దాకా కత్తిరింపుల కింద పోతుంది. ఆ పనిని నేను ఏ రకంగానూ సమర్థించను. అది ఎంత ఖరీదైన దుకాణంలో అమ్మినా సరే.

కానీ ప్రతి క్విల్ట్ నిండుగా మిగలదు. మధ్యలో కుక్కలు చింపినవి, నీళ్ల గొట్టం పగిలి సగం కుళ్లినవి, కారు డిక్కీలో పరిచి పరిచి అంచులు పీలికలైనవి ఉంటాయి. వాటిని అక్కడ కట్టర్ క్విల్ట్ అంటారు. బతికిన భాగాన్ని కోసి వాడుకోవడంలో నాకు తప్పు కనిపించదు, క్విల్ట్ కుట్టిన మనిషి చేసిందీ అదే గదా. గౌను పాడైతే మంచి ముక్క తీసి వాడుకుంది. మీ కోటు ఏ రకం క్విల్ట్ నుంచి వచ్చిందో కొంతవరకు తెలుసుకోవచ్చు. ఎడమ జేబు కింద ఒకచోట పువ్వు వరస తప్పి, వేరే దిశలో ఉన్న ముక్క అతికించి ఉంది. ఆ చోట సరిపడా మంచి బట్ట లేక వేరే మూల నుంచి తెచ్చి కలిపినట్టుంది. నిండు క్విల్ట్ చేతిలో ఉన్నవాళ్లు అలా చేయరు. దీన్నిబట్టి మీది పాడైన క్విల్ట్‌లోంచి మిగిల్చిన కోటే అయ్యుంటుందని నా నమ్మకం. ఏమైనా కోయడం అయిపోయింది. ఇప్పుడు మీరు దాన్ని పెట్టెలో పెట్టి బాధపడితే ఆ మనిషికి దక్కేదేమీ లేదు. ముందుముందు ఇంకోటి కొనేటప్పుడు మాత్రం, ఈ క్విల్ట్ కోసే ముందు ఎలా ఉండేది, ఫోటో ఉందా అని అడగండి. బాధ్యతగా పనిచేసేవాళ్లు ఆ ఫోటో దాచి ఉంచుతారు. అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికిన నల్లవాళ్ల సంతతి అక్కడివాళ్లు. చలికి చిల్లుల గోడల ఇళ్లలో కప్పుకోవడానికి పొలం బట్టలతో, జీన్స్ ప్యాంట్లతో క్విల్ట్‌లు కుట్టుకునేవాళ్లు. 1942లో మిస్సోరీ పెట్వే అనే ఆవిడ చనిపోయిన భర్త పని బట్టలు విప్పి ఒక క్విల్ట్ కుట్టింది, ఆయన గుర్తుగా కప్పుకుని పడుకోవడానికి. 1966లో ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకుని వాటి మీద సంపాదించుకున్నారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ వాళ్ల క్విల్ట్‌లు ప్రదర్శించినప్పుడు ప్రతిదాని పక్కనా కుట్టినామె పేరు రాసింది. అతుకుల పనికి దక్కాల్సిన మర్యాద అదీ. మీ కోటు విషయంలో పేరు దొరక్కపోవచ్చు గానీ వెతకడం మీ చేతిలో పని. కొన్ని క్విల్ట్‌ల మీద మూలన దారంతో పొడి అక్షరాలో సంవత్సరమో కుట్టి ఉంటాయి. కోటు కుట్టినప్పుడు ఆ మూల కాలరు లోపలికో జేబు అడుగుకో వెళ్లిపోయి ఉండొచ్చు. జేబులు పూర్తిగా బయటికి తిప్పి చూడండి. ఏమీ దొరక్కపోతే, ఎక్కడ కొన్నారో, ఏ నెలలోనో, దుకాణం ఆవిడ చెప్పిన మాటేమిటో ఒక తెల్ల గుడ్డపట్టీ మీద రాసి లోపల నాలుగు కుట్లు వేసి ఉంచండి. మీ తర్వాత దీన్ని వేసుకునేవాళ్లకు ఆ మాత్రమైనా తెలుస్తుంది.

మీరుండేది ఒహాయో కాబట్టి ఒక మాట. క్విల్ట్ నమూనాలను పెద్ద చెక్క పలకల మీద రంగులతో వేసి పొలాల్లోని గాదెల గోడలకు బిగించే ఆచారం మొదలైంది మీ రాష్ట్రంలోనే, ఆడమ్స్ కౌంటీలో, 2001లో. డోనా సూ గ్రోవ్స్ అనే ఆవిడ క్విల్ట్‌లు కుట్టే తన తల్లి గౌరవార్థం మొదలుపెట్టింది. సెలవురోజు కారులో వెళ్లి చూసి రండి. హోమ్స్ కౌంటీలో, పాతకాలపు పద్ధతిలో బతికే ఆమిష్ క్రైస్తవుల దుకాణాల్లో ఇప్పటికీ చేత్తో కుట్టిన క్విల్ట్‌లు అమ్ముతారు. కోయని నిండు క్విల్ట్‌ను ఒకసారి చేత్తో పట్టుకుని చూస్తే మీ కోటు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంకా బాగా తెలుస్తుంది.

అమ్మ మాటకు నొచ్చుకోకండి. మన దగ్గర కట్టి విడిచిన బట్టకు చేదు చరిత్ర ఉంది. దొరల ఇళ్లలో, పెద్ద రైతుల ఇళ్లలో విడిచిన బట్టలు పనివాళ్లకు పడేసేవాళ్లు. అవి కట్టుకోవడమంటే ఒకరి కింద బతకడమని లెక్క. కష్టపడి పిల్లల్ని చదివించి అమెరికా పంపిన తల్లికి, బిడ్డ ఒంటి మీద అతుకుల బట్ట చూస్తే ఆ రోజులే గుర్తొస్తాయి. "మనకేం తక్కువైంది" అన్న మాటలో ఉన్నది అదే. ఫ్యాషన్ అమ్మా, నీకు తెలీదు అని కొట్టిపారేయకండి.

అదే అమ్మ మిమ్మల్ని పుట్టగానే చుట్టింది పొత్తిళ్లలో. కొత్తబట్ట పసిబిడ్డ ఒంటికి గుచ్చుకుంటుందని, ఉతికి ఉతికి మెత్తబడ్డ అమ్మమ్మ నూలుచీరో నాయనమ్మ చీరో చింపి వాడతారు. మీ ఒంటి మీద పడ్డ మొదటి బట్టే ఇంకొకరు కట్టినది. ఇంకొంచెం వెనక్కి వెళ్తే, బుద్ధుడు మగధలో నడుస్తూ గట్లతో విడదీసిన వరిమళ్లు చూపించి, భిక్షువుల చీవరాలు ఇలా కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడని బౌద్ధ గ్రంథాల్లో ఉంది. ముక్కలు కలిపి కుట్టిన ఆ చీవరానికే ఇన్ని దేశాలు చేతులెత్తి మొక్కాయి. ఇవన్నీ ఉపన్యాసంలా చెప్పక్కర్లేదు. ఊరెళ్లినప్పుడు కోటును తిరగేసి లోపలి కుట్లు అమ్మకు చూపించండి. మన బొంతల్లో పాత చీరలు పొరలు పొరలుగా పరిచి పొడుగు కుట్లు వేస్తారు, దీనిలో వేలి గోరంత పొడుగు కుట్టు కూడా ఒక్కటి లేదు. మీ అమ్మ ఏనాడైనా సూది పట్టిన మనిషైతే ఆ తేడా చూడగానే తెలుసుకుంటారు. ఇంట్లో ట్రంకుపెట్టెలో చిరిగిన నూలుచీరలుంటే వాటితో మీకో జాకెట్ కుట్టించమని కూడా అడగొచ్చు. జరీ చీరల జోలికి మాత్రం వెళ్లొద్దు, జరీ గీరుకుని పక్క ముక్కల్ని కోసేస్తుంది.

ఉతకడం గురించి. ముందు నల్లుల సంగతి చూసుకోండి. అతుకుల అంచుల్లో నల్లని చుక్కలున్నాయేమో వెతకండి. అనుమానముంటే గాలి చొరని సంచిలో కట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచమని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచన. డ్రయర్ వేడి పాత బట్టకు మంచిది కాదు. వాషింగ్ మిషన్ వద్దు, డ్రైక్లీనింగ్ వద్దు. మామూలుగా వాడేటప్పుడు నీడలో గాలికి ఆరబెడితే చాలు. తప్పదనుకుంటే ఒక్కో రంగు ముక్క మీదా తడిపిన తెల్లగుడ్డ కాసేపు అదిమి చూడండి. ఎరుపు, ముదురు నీలం ముక్కల్ని అసలు వదలొద్దు. గుడ్డకు రంగు అంటితే నీళ్లలో పెట్టకండి. అంటకపోతే, పాత దుప్పటి మీద కోటు పరిచి, దుప్పటితో సహా చల్లటి నీళ్ల తొట్టిలోకి దించండి. బ్లీచు లేని మెత్తటి ద్రవం సబ్బు కొంచెమే వేయాలి. పిండకూడదు. దుప్పటి నాలుగు మూలలూ పట్టి ఎత్తి, తువ్వాళ్ల మీద పరిచి నీడలో ఆరబెట్టాలి. తడిగా ఉన్నప్పుడు హ్యాంగర్‌కు తగిలించారా, ఆ బరువుకు భుజాల దగ్గర కుట్లు విడిపోతాయి. దాచేటప్పుడు పాత నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చి పెట్టండి. కలరా ఉండలు బట్టకు తగలనివ్వకండి.

ఇది చదివి అతుకుల కోటు కొనాలనుకునే ఇతరులకూ ఒక హెచ్చరిక. 1880ల పట్టు, వెల్వెట్ ముక్కల కోట్లు చూడ్డానికి కళ్లు చెదిరేలా ఉంటాయి. పట్టులో జిగురు తీసేస్తే దాదాపు నాలుగోవంతు బరువు పోతుంది. పట్టు అమ్మేది తూకానికి కాబట్టి ఆ కాలం మిల్లులు తగరం, ఇనుము లవణాలు పట్టించి బరువు పెంచేవి. ఆ లవణాలే లోపల నుంచి పోగుల్ని తినేస్తాయి. అలాంటి పట్టును ఎంత పదిలంగా దాచినా నిలువునా పగుళ్లిస్తుంది, ఏ రఫూ పనితనమూ దాన్ని ఆపలేదు. వేసుకోవడానికి కాక చూసుకోవడానికైతేనే కొనండి.

చివరిగా పెళ్లి. ముహూర్తం వేళ వద్దు. పెళ్లిపందిట్లో కొత్తబట్ట ఉండాలని పెద్దవాళ్లు కోరుకుంటారు. పిన్నీ బాబాయీ చూసుకునేది వాళ్ల బిడ్డ శుభకార్యం, ఆ పూట పట్టుచీర కట్టుకోండి. ముందురోజు సాయంత్రం పిల్లలంతా చేరి పాటలు పాడుకునేటప్పుడు, తెల్లవారుజామున బస్టాండుకు చుట్టాలను తీసుకురావడానికి వెళ్లేటప్పుడు కరీంనగర్‌లో మాఘమాసపు గాలికి ఈ కోటు హాయిగా ఉంటుంది. పసుపు దంచే రోజున, బంతి భోజనాల దగ్గర మాత్రం విప్పి లోపల పెట్టేయండి. పసుపు మరక ఎండకే పోతుంది, ఎండలో వేస్తే మరకతోపాటు తొంభయ్యేళ్ల నాటి ఆ అచ్చు పూలూ వెలిసిపోతాయి.